నీళ్ళు ఇవ్వరాదు

వయసు నలభై నాలుగు వచ్చినా ఇంట్లో ఆమె పేరు అమ్మడే. ఆఫీసులో మాత్రం రూళ్ళకర్ర అంటారు. ఎదురుగా కాదు, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఆమె అటు తిరగ్గానే అంటారు. పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళు అడిగి అడిగి, నోళ్ళు నొప్పెట్టి, పదేళ్ళ కిందటే ఊరుకున్నారు.

ఊరి చివర కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆమె ఆపరేటరు. గోడ పొడుగునా స్విచ్చులు, మీటర్లు, వాటి ముందు ఒక బల్ల, బల్ల మీద లావుపాటి రిజిస్టరు, రెండు ఫోన్లు. ఎక్కడైనా లైను బాగుచేయడానికి మనిషి స్తంభం ఎక్కాలంటే ముందు ఆ లైను స్విచ్చు ఆమె ఆపాలి. ఎక్కబోయే మనిషి వచ్చి ఆ స్విచ్చుకి ఎర్ర బోర్డు తగిలించి, దాని మీద తన పేరు, తేదీ రాసి సంతకం పెడతాడు. ఇక ఆ బోర్డు తీసే హక్కు లోకంలో ఒక్కడికే. పెట్టినవాడే తీయాలి. పై ఆఫీసరు వచ్చినా, ఆ ఆఫీసరు మీది ఆఫీసరు వచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే స్తంభం మీదున్నవాడి ప్రాణం పోతుంది.

ఈ సంగతి ఆమెకి ఆఫీసువాళ్ళ కంటే ముందు వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయన ముప్ఫై ఆరేళ్ళు లైన్‌మన్‌గా చేశాడు. ఆయన కళ్ళెదుటే ఒక స్నేహితుడు స్తంభం మీదే పోయాడు. పని అయిపోయింది కాబోలు అనుకుని ఎవరో బోర్డు తీసేశారు. ఆ తర్వాత ఆయన ఇంట్లో ఎవర్నీ 'కాబోలు' అననిచ్చేవాడు కాదు. పిల్లలు "వాన వస్తుంది కాబోలు" అన్నా సరే, "వెళ్ళి చూసి చెప్పు" అని బయటికి తరిమేవాడు.

ఒకసారి బోర్డు పెట్టిన మనిషి పని ముగించుకుని దిగాడు. ఇంతలో భార్యకి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. బోర్డూ గీర్డూ మరిచిపోయి ఆస్పత్రికి పరిగెత్తాడు. ఫోను ఎత్తడు. మిట్టమధ్యాహ్నం, ఎండాకాలం, సగం ఊరికి కరెంటు లేదు. ఆఫీసర్లు వరసగా ఫోన్లు చేసి అమ్మడి చెవులు చిల్లులు పొడిచారు. "పనైపోయిందమ్మా, నేను చెబుతున్నాను కదా, వెయ్యి!" అంటే, "బోర్డు మీరు పెట్టలేదు కదండీ" అంది. మూడు గంటల తర్వాత ఆ మనిషి చెమటలు కక్కుకుంటూ వచ్చి బోర్డు తీసి, సంతకం పెట్టి, "ఆడపిల్ల పుట్టింది మేడమ్" అన్నాడు. అప్పుడు వేసింది స్విచ్చు. రూళ్ళకర్ర అన్న పేరు స్థిరపడింది ఆ రోజే. సాయంత్రం నాన్న మాత్రం, "బాగా చేశావే" అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు రావడమంటే మాటలు కాదు. ఆ పూట అమ్మడు రెండు ముద్దలు ఎక్కువే తింది.

అలాంటి మనిషి డెబ్భై మూడో ఏట ఒక ఆదివారం పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట ముద్దముద్దగా అయిపోయింది. మూడు వారాల తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించేస్తూ నరాల డాక్టరు ఆమెని పక్కకి పిలిచాడు. పొడుగాటి మనిషి, నిలబడి మాట్లాడుతున్నా ఎక్కడికో వెళ్ళిపోతున్నట్టే ఉంటాడు.

"గొంతు కండరాలు దెబ్బతిన్నాయి. పల్చటి నీళ్ళు మింగితే పొట్టలోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఏం తాగించినా ఈ పొడి కలిపి చిక్కగా చేసి ఇవ్వండి. నేను చెప్పేదాకా మామూలు నీళ్ళు చుక్క కూడా వద్దు."

ఇంకొకళ్ళయితే ఈ మాటల్లో 'ప్రాణం' అన్న ఒక్కటీ పట్టుకుని హడలిపోయేవాళ్ళు. అమ్మడికి మాత్రం 'నేను చెప్పేదాకా' అన్నది చెవిలో నిలిచిపోయింది. ఆ భాష ఆమెకి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఆ పొడి తెల్లగా ఉంటుంది. గ్లాసుడు నీళ్ళలో రెండు చెంచాలు వేసి తిప్పితే నీళ్ళు కాస్తా బంకలా అయిపోతాయి. దాన్ని చెంచాతో తినిపించాలి. మొదటిరోజు నాన్న ఒక చెంచా మింగి, దాన్ని అటూ ఇటూ చూసి, ఎంతో కష్టం మీద, "పోస్టర్లు... అంటించుకో" అన్నాడు. ఆమె నవ్వింది. ఆయనా సగం మూతితో నవ్వాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఇద్దరూ నవ్వలేదు.

అమ్మ పోయి ఏడేళ్ళు. తమ్ముడు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతూ భార్యాపిల్లలతో వేరే ఉంటాడు. మంచివాడే. ఆదివారాలు వస్తాడు, మందులు తెస్తాడు, నాన్నని ఎత్తి కూర్చోబెడతాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోతాడు. మిగతాదంతా అమ్మడిదే. ఆమె పొద్దుటి డ్యూటీకి వెళ్ళినంత సేపూ ఒక ఆయా ఉంటుంది. రెండున్నరకి ఆమె వచ్చాక ఆయా చెప్పులేసుకుంటుంది. అక్కడి నుంచి పక్క మార్చడం, దుప్పట్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, మెత్తగా నలిపిన అన్నం చెంచా చెంచా పెట్టడం. ఒళ్ళు హూనమైపోయేది. అయితే ఒళ్ళు నొప్పుల సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చు. ఆమెని తినేసింది అది కాదు.

ఆయన నీళ్ళు అడిగేవాడు.

అడగని పూట లేదు. మొదట మామూలుగా అడిగాడు, ఎప్పుడూ అడిగినట్టే. తర్వాత బతిమాలాడు. తర్వాత తిట్టాడు. ముద్దమాటలతో తిట్టడం చేతగాక, తిట్టు సగంలో ఆగిపోయి, మళ్ళీ బతిమాలేవాడు. "ఒక్క... గుటక, అమ్మడూ. ఎవరికీ... చెప్పను." స్తంభాలెక్కిన మనిషి, ఆఫీసర్లని గడగడలాడించిన మనిషి, కూతురి కొంగు పట్టుకుని, ఎవరికీ చెప్పనని మాటిచ్చేవాడు. ఆమె ఆ బంకలాంటి నీళ్ళు చెంచాతో పట్టుకొస్తే తల తిప్పేసుకునేవాడు. తండ్రికి ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వలేని బతుకు ఒక బతుకేనా అని ఆమె గోడకి తల ఆన్చి ఏడ్చిన రోజులున్నాయి.

నాలుక పిడచకట్టుకుపోతుంటే తడిగుడ్డతో పెదాలు తుడిచేది. ఆయన ఆ గుడ్డని పళ్ళతో పట్టుకునేవాడు. వదిలేవాడు కాదు. చప్పరించేవాడు. అది కూడా ప్రమాదమే, గుడ్డలోని నీళ్ళు గొంతులోకి జారిపోవచ్చు. ఆమె దవడ నొక్కి మెల్లగా లాక్కునేది. లాక్కుని బయటికి వెళ్ళి, ఆ చెయ్యి తనది కాదన్నట్టు చూసుకునేది.

ఆ ఇంట్లో నీళ్ళు తాగడం దొంగతనమైపోయింది. ఆమె వంటింటి తలుపు వెనక నిలబడి తాగేది. గ్లాసు గట్టు మీద పెట్టేటప్పుడు కింద గుడ్డ వేసేది. కొళాయి సన్నగా తిప్పేది. ఇంత చేసినా ఆమె ముందుగదిలోకి రాగానే ఆయన ఆమె పెదాల వైపు చూసేవాడు. తడిగా ఉన్నాయేమోనని ఆమె చేత్తో తుడుచుకునేది.

రెండో నెలలో మేనత్త వచ్చింది. నాన్నకి అక్కగారు. ఆవిడ వచ్చిందంటే ఇంట్లో కుర్చీలు కూడా సర్దుకుని కూర్చోవాలి. వచ్చిన గంటలో పరుపు దిక్కు మార్పించింది, కర్టెన్లు మార్పించింది, ఆయాకి అంట్లు తోమడం నేర్పింది. అమ్మడు డ్యూటీలో ఉంది. ఆయా పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. నాన్న "నీళ్ళు" అన్నాడు. అక్కగారు అరగ్లాసు తెచ్చి, తల పైకెత్తి పట్టుకుని తాగించేసింది.

ఆయన ఆత్రంగా తాగాడట. తర్వాత దగ్గు మొదలై, ముఖం నీలంగా మారిపోయి, అంబులెన్సులో ఆస్పత్రికి. తొమ్మిది రోజులు. బతికి బట్టకట్టడమే గొప్ప అన్నారు. మేనత్త ఆస్పత్రి వరండాలో కూర్చుని, "దాహమన్నవాడికి నీళ్ళిస్తే కూడా తప్పేనటమ్మా! ఏం కాలం వచ్చిందో" అని దారినపోయే నర్సులకి చెప్పుకుంది. అమ్మడికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఏమీ అనలేదు. ఏమంటుంది? ఆ అరగ్లాసు తను పొయ్యాలని రోజుకి పదిసార్లు అనుకుంటోంది కదా.

నాన్నని ఇంటికి తెచ్చిన మర్నాడు ఆమె సబ్‌స్టేషన్ నుంచి పాతదొక ఎర్ర బోర్డు తెచ్చింది. రంగు ఊడిపోయి మూలన పడి ఉన్నది. పాత అక్షరాల మీద కాగితం అంటించి, 'నీళ్ళు ఇవ్వరాదు' అని పెద్దగా రాసి, మంచం కమ్మీకి తగిలించింది. వచ్చేపోయే చుట్టాల కోసం చేసిన పని అది. అందులో కాస్త వేళాకోళం కూడా ఉంది. నాన్న నవ్వుతాడేమోనని ఆశ.

ఆయన మెడ తిప్పి బోర్డు చదివాడు. నిజంగానే నవ్వాడు. ఆ తర్వాత ఎడమచేతి వేలితో బోర్డు కింది భాగం చూపించాడు. అక్కడ 'పెట్టినవారు', 'తేదీ' అన్న చోటు ఖాళీగా ఉంది.

"సంతకం... ఏదీ?"

"అయ్యో, పొరపాటే లైన్‌మన్‌గారూ," అని ఆమె పెన్ను తెచ్చి, తన పేరు రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. డ్యూటీలో చూసుకునేవాడే, అలా. చూసి తల ఆడించాడు.

ఆ క్షణం నుంచి ఆయన నీళ్ళు అడగలేదు.

మొదటిరోజు ఆమె గమనించలేదు. రెండోరోజు గమనించి జ్వరమేమోనని ఒళ్ళు పట్టి చూసింది. వారం గడిచాక, హమ్మయ్య అనుకుంది. ఇంత సులువని తెలిస్తే మొదటి రోజే పెట్టేదాన్ని కదా అని కూడా అనుకుంది. బంకనీళ్ళు చెంచాతో పెడితే నోరు తెరిచేవాడు, మింగేవాడు. ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు. "మా నాన్నకి డాక్టరు మాట లెక్కలేదు కానీ, డిపార్ట్‌మెంటు బోర్డంటే మాత్రం భయం" అని ఆమె కూడా నవ్వింది. రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో కాస్త ఊపిరాడింది. ఆ సంతోషంలో, ఆయన ఎందుకు అడగడం మానేశాడో ఆమె ఆలోచించలేదు.

నెలకోసారి వ్యాను మాట్లాడుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళేది. అక్కడ బీపీ చూసే డాక్టరు వేరు. ఆమె ప్రతిసారీ అడిగింది, అడగలేదని ఎవరూ అనడానికి లేదు. "గొంతు సంగతి ఏంటండీ?" అంటే, "ఆ డాక్టరుగారు చెప్పినట్టే కానివ్వండి" అన్నాడాయన, ఫైలు మూసేస్తూ. ఆ డాక్టరుగారెప్పుడొస్తారంటే కౌంటర్లో సెలవులో ఉన్నారన్నారు. తర్వాతి నెల వెళ్తే వేరే ఊరికి మారిపోయారన్నారు. ఆమె నంబరు అడిగి తీసుకుంది. పదకొండుసార్లు చేసింది. ఎత్తలేదు. ఇంకొకళ్ళయితే రచ్చ చేసేవాళ్ళు, ఇంకో డాక్టరుని పట్టుకునేవాళ్ళు, ఏమీ లేకపోతే ఒకరోజు ధైర్యం చేసి చెంచాడు నీళ్ళు పోసి చూసేవాళ్ళు. అమ్మడికి ఆ ఊహే రాలేదు. పెట్టినవాడు చెప్పాలి. చెప్పేదాకా ఆగాలి. ఆగడం తప్పని ఆమెకి జీవితంలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఎండలు ముదిరాయి. నాన్న వీపు మీద పుండు పడింది. అది మానేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఆయా మానేసి కొత్త ఆయా వచ్చింది. గొంతు సంగతి వీటన్నిటి అడుగున పడిపోయింది. నాన్న మాట మాత్రం తేటపడింది. ఐదో నెలకి పేపరు చదివించుకుని నాయకులని తిట్టేవాడు. దగ్గితే పక్కింటికి వినిపించేది. ఆమె అవన్నీ చూసింది. చూసి సంతోషించింది, అంతే.

ఇంటికొచ్చిన పదో నెలలో ఒకరోజు పొద్దున ఆమె చొక్కా తొడుగుతుంటే ఆయన తల ఆమె భుజం మీద వాలిపోయింది. రెండోసారి పక్షవాతం. ఈసారి ఆస్పత్రిలో రెండు రోజులు. ముక్కులో గొట్టం, చేతికి గొట్టం. మూడోరోజు పొద్దున్నే పోయాడు.

పోయాక చుట్టాలొచ్చారు, చుట్టాలు వెళ్ళారు. మేనత్త ఈసారి కుర్చీలు సర్దలేదు, ఒక మూల కూర్చుని ఏడ్చింది. అందరూ ఒకటే మాట: కళ్ళలో పెట్టుకుని చూసుకుందమ్మా, కొడుకులు కూడా అలా చూడరు. అమ్మడు తల ఊపుతూ కూర్చుంది. అందరూ వెళ్ళాక ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది. డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపోతున్నాడేమోనని తలుపు చప్పుడు కాకుండా తీసేది. నెలరోజుల పాటు మంచినీళ్ళు వంటింటి తలుపు వెనకే తాగింది. ఇంట్లో పురుగు లేదు. అయినా ముందుగదిలో గ్లాసు ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు.

పొడి డబ్బాలు రెండు సీలు తీయకుండా మిగిలిపోయాయి. ఎవరికైనా పనికొస్తాయని ఒకరోజు ఆస్పత్రికి పట్టుకెళ్ళింది. కౌంటర్లో అమ్మాయి చివరి గదికి వెళ్ళమంది. ఆ గదిలో ఒకావిడ కూర్చుని ఉంది. మింగడం దెబ్బతిన్నవాళ్ళకి మళ్ళీ మింగడం నేర్పడం ఆవిడ పని. చిన్న చెంచాలు, గ్లాసులు, గొంతు బొమ్మ ఒకటి బల్ల మీద ఉన్నాయి. ఇలాంటి గది ఒకటి ఉందని కూడా అమ్మడికి తెలియదు.

ఆవిడ డబ్బాలు తీసుకుని థాంక్స్ చెప్పి, మాటవరసకి అడిగింది. "ఎన్నాళ్ళు వాడారమ్మా?"

"పది నెలలండీ."

"పది నెలలూ ఇదేనా? మధ్యలో పరీక్ష ఎవరు చేశారు?"

"ఏ పరీక్ష?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. నాన్న పేరడిగి, లేచి వెళ్ళి ఫైలు వెతికి తెచ్చింది. మొదటిసారి ఇంటికి పంపేటప్పుడు పొడుగాటి డాక్టరు రాసిన కాగితం అడుగున ఒక వరస ఉంది, చీమల బారులాంటి రాత: ఆరు వారాలకి మింగే పరీక్ష చేసి మార్చాలి. ఆ కాగితం నకలు ఇంట్లో కూడా ఉంది. ఆ రాత చదవడం మందుల దుకాణంవాడి వల్ల కూడా కాలేదు.

"ఆ మధ్య నీళ్ళు పోస్తే న్యుమోనియా వచ్చిందండీ," అంది అమ్మడు. తనని తాను కాపాడుకోవడానికి దొరికింది అదొక్కటే.

"అది రెండో నెలలో, ఫైల్లో ఉంది. గ్లాసుతో, గబగబా, పడుకోబెట్టి పోశారు. అప్పుడు వద్దనడం రైటే. తర్వాత ఎలా ఉండేవారు? మాట వచ్చిందా? గట్టిగా దగ్గేవారా?"

"ఐదో నెలకి పేపరు చదివించుకుని తిట్టేవాడండీ."

ఆవిడ ఫైలు మూసింది. మంచి మనిషి, అబద్ధం చెప్పడం తెలియనట్టుంది. "పరీక్ష చేయకుండా నేను ఖచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ అలా తేరుకున్నవాళ్ళకి చాలామందికి నాలుగో నెలకల్లా నీళ్ళు ఇచ్చేస్తాం. పూర్తిగా కాకపోయినా, నోరు శుభ్రం చేసి, నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం కొంచెం. దాహం తీరేంత. మీరు మనసులో పెట్టుకోకండి. ఇది మేం పిలిచి చెప్పాల్సింది."

అమ్మడు సరేనండి అంది. మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్సెక్కి, ఇంటికెళ్ళి, నాన్న గదిలో నేల మీద కూర్చుంది. అటు ఐదో నెలా కాదు, ఇటు పదో నెలా కాదు, నాలుగు అని అందావిడ. ఆరు నెలలు. వాటిలో ఎండాకాలం ఒకటి. ఎవర్ని తిట్టాలో ఆమెకి తెలియలేదు. డాక్టరుని తిట్టింది, కాగితాన్ని తిట్టింది, ఆ కాసేపటికే అలిసిపోయింది. పోయినవాడికి ఇప్పుడు బిందెలు బిందెలు తెచ్చి పోసినా లాభం లేదు. ఆయన మంచంలో పడి ఉన్న పది నెలల్లోనూ ఆమెకి అంత నిస్సహాయంగా అనిపించలేదు.

వారం రోజులు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది. రిజిస్టర్లో రెండుసార్లు తేదీ తప్పు రాసింది. ఆఫీసులో అందరూ ముఖాలు చూసుకున్నారు. ఇక ఆగలేక ఒక సాయంత్రం తమ్ముడి దుకాణానికి వెళ్ళింది.

తమ్ముడు ఒకాయనకి కొత్త కళ్ళజోడు పెట్టి, చెవి దగ్గర కాడ వంచుతున్నాడు. అక్కని చూడగానే ముఖం విప్పారింది.

"ఇదిగో, మాటల్లోనే వచ్చింది. ఈవిడే మా అక్క. ఈయనగారి అమ్మకి కూడా నాన్నకొచ్చినట్టే వచ్చిందక్కా, అదే పొడి ఇచ్చారట. ఆవిడ నీళ్ళకోసం ఏడుస్తోందట. చెబుతున్నాను, మా అక్క పది నెలలు చుక్క నీళ్ళు పోయలేదు, అంత నిష్ఠగా చూసింది, ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలి అని."

ఆయన యాభై ఏళ్ళ మనిషి, కళ్ళ కింద నల్లటి గుంటలు. ఎవరూ చెప్పకుండానే అమ్మడికి ఆయన ఇల్లు కనిపించింది. ఆయన చేతులు జోడించినంత పని చేశాడు. "ఎలా తట్టుకున్నారండీ? మా అమ్మ బతిమాలుతుంటే నాకు పిచ్చెక్కుతోంది."

"మీ అమ్మగారు ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు దాటింది."

"మళ్ళీ పరీక్ష చేశారా?"

"లేదండీ. పిలుస్తారుగా?"

"పిలవరు. రేపు పొద్దున్నే వెళ్ళండి. మింగడం నేర్పే మేడమ్ అని అడగండి, చివరి గది. మింగే పరీక్ష ఇప్పుడే చేయమని కూర్చోండి. చేసేదాకా లేవకండి. అలాగని మీ అంతట మీరు మాత్రం పోసేయకండి." అక్కడితో ఆపలేదు. "మా నాన్నకి నాలుగో నెల నుంచీ ఇవ్వొచ్చట. నేను ఇవ్వలేదు. నాకు తెలియదు."

ఆయన ఆమె వైపూ తమ్ముడి వైపూ చూశాడు. లేచి, కొత్త జోడు పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే, పాత జోడు కౌంటరు మీద వదిలేసి వెళ్ళిపోయాడు. తమ్ముడు చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత షట్టరు సగం దించాడు. స్టూలు లాగి ఆమెని కూర్చోబెట్టాడు. ఆమె అంతా చెప్పింది, ఫైలు, చీమల బారు రాత, నాలుగో నెల.

వాడు తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. వాడు నేల చూస్తూ, "నేనొకసారి పొయ్యబోయానే," అన్నాడు.

"ఏంటి?"

"ఆరో నెలలో. నువ్వు డ్యూటీలో ఉన్నావు. ఎండ మండిపోతోంది. ఆయాని మందులకి పంపించాను. నాన్న పెదాలు పగిలిపోయి, చూడలేకపోయానక్కా. చెంచాతో నీళ్ళు పట్టుకెళ్ళాను. నోరు తెరవలేదు. ఎవరూ లేరు నాన్నా, అక్కకి చెప్పను, అన్నాను. తల అడ్డంగా ఊపి బోర్డు చూపించాడు. 'అమ్మడు పెట్టింది, అమ్మడే తీస్తుంది. ఎప్పుడు తీయాలో దానికి తెలుసు' అన్నాడు. తేటగా అన్నాడే, నువ్వూ నేనూ మాట్లాడుకుంటున్నట్టు."

ఊరు మారిపోయిన డాక్టరు కోసం అమ్మడు చూసింది. రోజూ రెండున్నరకి ఇంటికొచ్చే కూతురి కోసం నాన్న చూశాడు. బోర్డు మీదున్న సంతకం డాక్టరుది కాదు.

"నాకెందుకు చెప్పలేదురా?" అంది చివరికి.

తమ్ముడు స్క్రూడ్రైవరు కౌంటరు మీద పెట్టాడు. "తిడతావని," అన్నాడు.

ఆమె తిట్టేదే, అందులో అనుమానం లేదు. వాడితో పది రోజులు మాట్లాడేది కాదు. వాడి దగ్గరున్న ఇంటి తాళంచెవి కూడా లాక్కునేది. నాన్న దగ్గరికి వెళ్ళి, బాగా చేశావు నాన్నా అని ఆయన తల నిమిరేది. బోర్డు మాత్రం తీసేది కాదు.